గ్లాసుకూ స్టీరింగుకూ మధ్య ఒక రాత్రి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పదవీ విరమణ చేసిన ఒక జంట ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని అమెరికాలో కారు రేసులూ, వైన్ తయారుచేసి అమ్మే వైనరీలూ చూస్తూ తిరిగిన విశేషాలను మీ ఆదివారం అనుబంధంలో చదివాను. దానిపై తరువాతి వారం మీరు ప్రచురించిన పాఠకుల ఉత్తరాలనూ చదివాను. మద్యాన్నీ వేగాన్నీ ఒకే యాత్రలో కలిపి, దాన్ని రంగుల ఫోటోలతో అచ్చువేసి పిల్లలకు ఏమి నేర్పదలచుకున్నారని ఆ ఉత్తరాలు నిలదీశాయి. న్యూయార్క్ రాష్ట్రం పశ్చిమ భాగంలో ఎన్నో ఏళ్లుగా ఉంటున్నవాడిగా, మా ఆవిడతో కలిసి అదే తరహా బండిలో సెనెకా సరస్సు ఒడ్డున తిరిగినవాడిగా, ఆ దంపతుల తరఫున కొంత చెప్పాలనిపించింది. అయితే ఉత్తరాలు రాసినవారి కోపంలో న్యాయం లేదని అనలేను. ఆ కోపానికి చోటిచ్చింది మీ వ్యాసమే.

వ్యాసంలో ఒక ఫోటోలో గ్లాసు, పక్క ఫోటోలో స్టీరింగు కనిపించాయి. ఆ రెండింటి మధ్య ఎంత సమయం గడిచిందో, ఆ రాత్రి బండి ఎక్కడ ఆగిందో, మర్నాడు ఎవరు నడిపారో ఒక్క వాక్యమైనా లేదు. ఈ యాత్ర నిక్షేపంగా సాగుతుందా, ప్రాణాల మీదికి తెస్తుందా అన్నది తేలేది ఆ ఒక్క విషయంలోనే. చదివినవారు చెడ్డగా ఊహించుకున్నారంటే తప్పు వారిది కాదు.

ఆర్‌వీ ప్రయోజనం పరుగెత్తడంలో కంటే ఆగడంలో ఉంది. పడక, పొయ్యి, స్నానాలగది అన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి సాయంత్రం వైన్ రుచి చూసినవారు చీకట్లో హోటల్ వెతుక్కుంటూ బయలుదేరనక్కరలేదు. ఈ సౌకర్యం చుట్టూనే హార్వెస్ట్ హోస్ట్స్ అనే సభ్యత్వ పథకం 2009లో మొదలైంది. ఏటా చందా కట్టిన ఆర్‌వీ యజమానులకు అందులో చేరిన వైనరీలూ పొలాలూ ఒక రాత్రి తమ ఆవరణలో బండి నిలుపుకోనిస్తాయి. సాధారణంగా అక్కడ కరెంటు గానీ కుళాయి గానీ ఇవ్వరు. నీళ్లు, మరుగుదొడ్డి ట్యాంకు సహా అన్నీ బండిలోనే ఉండాలి. ప్రతిగా వారి దగ్గర ఏదో ఒకటి కొనడం మర్యాద. ఒక సీసా కొనుక్కుని తోట పక్కనే పడుకుని, తెల్లవారి కాఫీ తాగి బయలుదేరే వ్యక్తిని తాగి నడిపేవాళ్లతో కలిపి తిట్టడం సబబు కాదు.

ఇక లెక్క చూద్దాం. వైనరీలలో రుచి చూడటానికి పోసేది ఒక్కోసారి ఒక ఔన్సు, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు. ఒక వరుసలో ఐదు రకాలు రుచి చూస్తే 150 మిల్లీలీటర్లు, అంటే అమెరికాలో ప్రామాణికంగా లెక్కించే ఒక గ్లాసు వైన్, అందులో దాదాపు 14 గ్రాముల ఆల్కహాలు. 'కొంచెం కొంచెమే కదా' అనుకుంటూ ఒక మధ్యాహ్నంలో మూడు వైనరీలు తిరిగినవారు తమకు తెలియకుండానే మూడు గ్లాసులు పుచ్చుకున్నట్టు. ఒక గ్లాసు ప్రభావం పోవడానికి శరీరానికి సుమారు గంట, కొందరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాఫీ తాగినా చన్నీళ్లతో తలస్నానం చేసినా ఆ గంట తగ్గదు. న్యూయార్క్ రాష్ట్రంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 80 మిల్లీగ్రాములకు చేరితే నేరమని చాలామంది మనవాళ్లకు తెలుసు. 50 దాటినా ఇక్కడ వేరొక సెక్షను కింద కేసు ఉంటుందన్నది కొద్దిమందికే తెలుసు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం ఆ పరిమితి 30 మిల్లీగ్రాములే. అంతమాత్రాన అమెరికాలో చట్టం కాస్త చూసీచూడనట్టు పోతుందనుకుని మన దేశం నుంచి వచ్చే పెద్దలు ధైర్యం చేయకూడదు. పెద్ద బండి, తెలియని దారి, కుడివైపు ప్రయాణం అన్నీ కలిస్తే తక్కువ మోతాదు కూడా ఎక్కువే.

రుచి చూసేవారంతా మింగుతారని కూడా అనుకోనక్కరలేదు. ప్రతి బల్ల మీదా ఉమ్మడానికీ మిగిలింది పారబోయడానికీ ఒక పాత్ర ఉంటుంది, దాన్ని వాడితే ఎవరూ చిన్నచూపు చూడరు. మన ఊళ్లలో వైన్ షాపు ముందు సాయంత్రం కనిపించే దృశ్యాన్ని మనసులో పెట్టుకుని వైనరీని ఊహించుకున్నవారికి ఈ పాత్ర ఒక్కటి చూపిస్తే సగం అపోహ తొలగుతుంది. దంపతులలో ఒకరు అసలు ముట్టకుండా ఉండి వాహనం నడపడమూ, చిన్న కారును ఆర్‌వీ వెనక కట్టుకుని తెచ్చుకోవడమూ, లేదంటే బండిని కాంపులోనే ఉంచి డ్రైవరుతో సహా వ్యాను మాట్లాడుకోవడమూ ఇక్కడ మామూలే. సెనెకా సరస్సు ఉన్న ఈ ఫింగర్ లేక్స్ ప్రాంతంలోని వైనరీలలో చాలావాటి దారులు సరస్సు వైపు ఏటవాలుగా దిగుతాయి. 30 అడుగుల బండిని అలాంటి కంకర దారిలో వెనక్కి తిప్పడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. అందుకే ముందుగా ఫోన్ చేసి అడిగి వెళ్లడం మేలు.

మీ వ్యాసకర్త కాలిఫోర్నియాలోని సొనోమా గురించి చాలా రాశారు. ద్రాక్షతోటల మధ్య 1968 నుంచి ఉన్న ఆ రేస్‌ట్రాక్ చూడదగినదే, సందేహం లేదు. కానీ రేసు, ద్రాక్ష ఒకే నేల మీద ఎలా పెరిగాయో తెలుసుకోవాలంటే సెనెకా సరస్సు దక్షిణపు కొసన ఉన్న వాట్కిన్స్ గ్లెన్ అనే చిన్న ఊరికి రావాలి. 1948 అక్టోబరు 2న, న్యాయవిద్య చదువుతున్న కామెరాన్ ఆర్గెట్సింగర్ చొరవతో, ఆ ఊరి వీధుల్లోనూ చుట్టుపక్కల కొండదారుల్లోనూ 6.6 మైళ్ల చుట్టులో కార్లు పందెం వేశాయి. దారిలో రైలు పట్టాలు అడ్డం వస్తాయి కాబట్టి పందెం పూర్తయ్యేదాకా రైళ్లను ఆపారు. ఆల్ఫా రోమియో నడిపిన ఫ్రాంక్ గ్రిస్‌వోల్డ్ గెలిచాడు. ఊరంతా పండుగ. నాలుగేళ్లు తిరిగేసరికి, 1952లో, ఒక కారు రోడ్డు పక్కన కూర్చున్న జనానికి తగిలి ఏడేళ్ల పిల్లవాడు చనిపోయాడు. ఆ తరువాత పందేలను ఊరి వీధుల నుంచి బయటకు తీసుకుపోయారు. 1956లో కొండమీద ప్రత్యేకంగా ట్రాక్ కట్టారు. 1961 నుంచి 1980 వరకు ఫార్ములా వన్ అమెరికా గ్రాండ్ ప్రి జరిగింది ఆ ట్రాక్ మీదనే. అక్కడా మృత్యువు వదల్లేదు. 1973లో అర్హత పరుగులో ఫ్రాన్స్వా సెవెర్ అనే డ్రైవరు చనిపోతే, అతని జట్టు ఆ పోటీ నుంచి తప్పుకుంది. అతని సహచరుడు జాకీ స్టీవర్ట్ తన నూరవ, ఆఖరి పందెం ఆడకుండానే విరమించుకున్నాడు. మరుసటి ఏడాది హెల్ముట్ కోయినిగ్ అనే మరో డ్రైవరు అదే ట్రాక్‌పై మరణించాడు. పాఠకులు వేగాన్ని చూసి భయపడటం సహజమే. దానికి కంచె, కొలత, నియమం ఎందుకు కావాలో ఈ ఊరు ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకుంది. ఆ చరిత్ర లేకుండా రేసు గురించి రాస్తే మిగిలేది కేవలం చప్పుడే.

ద్రాక్ష కథ కూడా ఇలాంటి పట్టుదలతోనే నడిచింది. హిమానీనదాలు తొలిచిన సెనెకా సరస్సు 38 మైళ్ల పొడవు, 618 అడుగుల లోతు ఉంటుంది. అంత లోతు నీరు వేసవి వేడిని పట్టి ఉంచుకుంటుంది, చలికాలంలోనూ గడ్డకట్టడం అరుదు. అందుకే ఒడ్డున ఉన్న వాలు భూములలో మంచు తీవ్రత తగ్గి, ఆ చలిదేశంలోనూ తీగ బతుకుతుంది. అయినా యూరప్ రకాల ద్రాక్ష ఇక్కడ నిలవదనే నమ్మకం చాలాకాలం బలంగా ఉండేది. 1951లో శరణార్థిగా వచ్చిన ఉక్రెయిన్ శాస్త్రవేత్త కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్, అంతకన్నా చలిగా ఉండే చోట్ల తాను వాటిని పెంచానని పట్టుబట్టి, తగిన వేరుకు అంటుకట్టి నిలబెట్టి చూపించి, 1962లో ఇదే ప్రాంతంలోని క్యూకా సరస్సు ఒడ్డున సొంత వైనరీ పెట్టాడు. ఈనాడు ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన రీస్లింగ్ అనే ద్రాక్ష రకం వెనుక ఆయన మొండితనం ఉంది. 1976లో న్యూయార్క్ రాష్ట్రం తెచ్చిన ఫామ్ వైనరీ చట్టం చిన్న రైతు తన ద్రాక్షతో వైన్ చేసి నేరుగా కొనుగోలుదారుకు అమ్ముకునే వీలు కల్పించింది. పెద్ద కంపెనీలు కాయకు ధర తగ్గించినప్పుడు దిక్కుతోచని కుటుంబాలకు అది ఊపిరి పోసింది. ఇప్పుడు ఫింగర్ లేక్స్‌లో వందకు పైగా వైనరీలు ఉన్నాయి. పంటకు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కే రైతుల వార్తలు రోజూ అచ్చువేసే పత్రిక ఈ ముక్కను వదిలేయడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

క్యూకా సరస్సు కొసన ఉన్న హామండ్స్‌పోర్ట్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అమెరికాలో వైన్ తయారీకి ఒకటో నంబరు లైసెన్సు పొందిన సంస్థ 1860లో వెలసింది ఆ ఊళ్లోనే. సొంతంగా తయారుచేసిన ఎనిమిది సిలిండర్ల మోటారుసైకిల్‌ను 1907లో గంటకు 136 మైళ్ల వేగంతో నడిపి, ఆ తరువాత విమానాల వైపు మళ్లిన గ్లెన్ కర్టిస్ పుట్టిందీ ఆ ఊళ్లోనే. ఆయన పేరిట అక్కడ ఒక మ్యూజియం ఉంది. రేసులనూ వైనరీలనూ ఒకే యాత్రలో చుట్టిరావడం ఆ దంపతుల వింత కోరిక కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రేసు పందెగాడు తాగి నడుపుతాడనే భావన కూడా కొన్ని ఉత్తరాలలో కనిపించింది. గెలిచాక షాంపేన్ చిమ్మే ఆచారం 1967లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ రేసులో గెలిచిన డాన్ గర్నీతో మొదలైంది. అది కారు దిగిన తరువాతి సంబరం. అమెరికాలోని ఇండియానాపొలిస్ రేసులో గెలిచినవాడికి ఇచ్చేది పాలు. 1936లో అక్కడ గెలిచిన లూయిస్ మేయర్ ఎండలో దాహం తీర్చుకోవడానికి తాగింది మజ్జిగ. మన పెద్దలకు ఈ సంగతి కాస్త ఊరటనిస్తుందని ఆశిస్తాను.

వాట్కిన్స్ గ్లెన్‌లో రేసు జరిగే రోజుల్లో ట్రాక్ పక్కన ఉన్న మైదానాలన్నీ ఆర్‌వీలతో నిండిపోతాయి. శుక్రవారం వచ్చి సోమవారం వెళ్లే కుటుంబాలు ఎక్కువ. డ్రైవరు తన జట్టుతో రేడియోలో ఏమంటున్నాడో వినడానికి స్కానర్లు అద్దెకిస్తారు, చెవులకు రక్షణ తప్పనిసరి అనుకోవాలి. రాత్రి ఒక వేళ దాటాక జనరేటర్లు ఆపేయాలనే నియమం చాలా కాంపులలో ఉంది. మేము అన్నం, పప్పు వండుకుంటే పక్క బండివాళ్లు పోపు వాసనకు వచ్చి పలకరించారు. మా ఆవిడ చేసిన పప్పుచారు అడిగి మరీ పోయించుకున్నారు. తాగి గొడవ చేసేవారు అసలు ఉండరని నేను చెప్పను. కాని పిల్లలతో వచ్చేవారికి నిశ్శబ్దంగా ఉండే విభాగాలు వేరుగా ఉండే కాంపులు ఉన్నాయి, వెతికి తీసుకోవాలి.

ఖర్చు గురించి మీ వ్యాసం మౌనం వహించింది. అద్దె ఆర్‌వీ ఒక గ్యాలన్ పెట్రోలుకు ఎనిమిది నుంచి పది మైళ్లు నడుస్తుంది, అంటే లీటరుకు సుమారు మూడున్నర నుంచి నాలుగు కిలోమీటర్లే. ప్రతి కొద్ది రోజులకూ మురుగు ట్యాంకును డంప్ స్టేషన్‌లో ఖాళీ చేసుకోవాలి. ఆ పనికి చేతితొడుగులూ ఓపికా రెండూ కావాలి. బండి కదులుతుండగా వెనక దోసెలు పోసుకోవచ్చని అనుకునేవారు ఉన్నారు; కూర్చుని బెల్టు పెట్టుకోవలసిందే. వైన్ సీసాలు తెరిచి బండిలో ఉంచుకోవడంపై చట్టం రాష్ట్రాన్నిబట్టి మారుతుంది కనుక, తెరిచినదాన్ని బయలుదేరేముందే పారబోయడం ఉత్తమం.

ఇక హైదరాబాద్ మాట. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మూసిన రోడ్ల గురించీ, పడ్డ ఇబ్బందుల గురించీ మీ పత్రికలోనే చదివాను. నగర వీధుల్లో కంచెలు కట్టి, వైద్యులను నిలిపి నడిపిన ఆ పందేన్నీ, రాత్రిపూట రింగురోడ్డు మీద కుర్రాళ్లు బైకులతో వేసే పందేలనూ ఒకే గాటన కట్టకూడదు. మీకు వచ్చిన ఉత్తరాలలో ఆ పొరపాటు ఉంది. రేస్‌ట్రాక్‌కు పిల్లలను తీసుకెళ్లి, ప్రతి మలుపు దగ్గరా జెండా పట్టుకుని నిలబడే మనుషులను, సిద్ధంగా ఉన్న అంబులెన్సును చూపించిన తండ్రి, వాళ్లకు వేగం మీద మోజు కన్నా వేగానికి ఎంత ఏర్పాటు కావాలో ఎక్కువగా నేర్పుతాడని నా నమ్మకం.

ఈ ఏడాది పిల్లల దగ్గరకు వచ్చే తల్లిదండ్రులలో ఎవరికైనా ఈ దారిలో తిరగాలనిపిస్తే, సెప్టెంబరు అనువైన కాలం. అప్పుడు ద్రాక్ష కోత మొదలవుతుంది, 1948 నాటి పాత దారిలో పాతకాలపు కార్లు తిరిగే ఉత్సవం కూడా వాట్కిన్స్ గ్లెన్‌లో అదే నెలలో జరుగుతుంది. మెట్లు ఎక్కగలవారు ఊరి మధ్యలోనే ఉన్న లోయలో రెండు మైళ్లలో 19 జలపాతాలు చూడవచ్చు. పెద్ద రేసు తేదీ మాత్రం ఏటా ఒకేలా ఉండదు కనుక, ముందు అది చూసుకుని, తరువాత కాంపులో చోటు, ఆ తరువాతే విమానం టికెట్టు తీసుకోవాలని మనవి.

ఇట్లు,
భవదీయుడు,
ఫింగర్ లేక్స్ ప్రాంతపు ఒక పాఠకుడు,
న్యూయార్క్ రాష్ట్రం