ఆ రెండు గంటలూ ఖాళీ ఉంచు

ఒరే మామా,

టికెట్లు బుక్ చేశావని చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. చెల్లెమ్మ కూడా వస్తోందంటే ఇంకా సంతోషం. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. అందులో ఒక్కటే మార్చు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మ్యూజియంలు పెట్టావు, వాటిని పొద్దుటికి జరిపేయ్. ఇటలీలో మా తొరీనోలో (అదే, టూరిన్) ఆ రెండు గంటలూ అపెరితీవోవి.

భోజనానికి ముందు ఆకలి పుట్టడానికి కాస్త చేదుగా ఏదో ఒకటి తాగుతూ, ఆలివ్‌లూ చిప్సూ నములుతూ కబుర్లు చెప్పుకోవడమే అపెరితీవో. అప్పుడు తాగే వెర్ముత్ ఈ ఊళ్ళోదే. 1786లో కార్పానో అనే ఆయన వైన్‌లో మూలికలు కలిపి ఇక్కడే తయారుచేశాడు. అందులో వేసే ముఖ్యమైన చేదు మొక్క, వినాయక చవితి పత్రిలో మనం వేసే మాచిపత్రికి చుట్టమే! ఆ సంగతి తెలిశాక నాకు ఈ ఊరు ఇంకొంచెం దగ్గరైంది. నువ్వు మందు ముట్టవుగా, "అనల్‌కోలికో" అని అడుగు. క్రోడినో ఇస్తారు. నారింజ రంగులో ఉంటుంది, తియ్యగా మొదలై చివర్లో నాలుక మీద చేదు నిలుస్తుంది. ఒక్క గ్లాసు పెట్టుకుని గంట కూర్చున్నా లేవమని ఎవరూ అనరు.

హోటళ్ళలో రాత్రి వంట మొదలయ్యేదే ఏడున్నరకి. బిల్లులో "కొపెర్తో" అని, అంటే బల్ల దగ్గర కూర్చున్నందుకు, మనిషికి రెండు మూడు యూరోలు కనబడితే కంగారు పడకు, అది మామూలే. టిప్పు తప్పనిసరి కాదు. చెల్లెమ్మ శాకాహారి కాబట్టి ఒక జాగ్రత్త: బాన్యా కావుదా అని కూరగాయలు ముంచుకు తినేది ఒకటి ఉంది. చూడ్డానికి వెల్లుల్లి, నూనే కనిపిస్తాయి గానీ అందులో చేప కరిగిపోయి ఉంటుంది. "సెన్జా కార్నే, సెన్జా పేషే" (మాంసం లేకుండా, చేప లేకుండా) అని ముందే చెప్పాలి.

ఇక పోర్తా పలాత్సో సంత. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికే సర్దేస్తారు, శనివారం మాత్రం సాయంత్రం దాకా ఉంటుంది. అక్కడ రైతుబజారులోలాగా వంకాయలు నొక్కి చూడకూడదు రా. మొదటి వారం నేనో టమాటా పట్టుకుంటే, బండి దగ్గరున్న పెద్దావిడ నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, "ఈ రోజుకా, రేపటికా?" అని అడిగింది. ఈ రోజుకే అన్నాను. బాగా పండినవి నాలుగు ఏరి, కాగితం సంచిలో వేసి ఇచ్చింది. అప్పటి నుంచి ముందు "బ్వోన్‌జోర్నో" అని నమస్కారం చెప్తాను, ఎంచే పని ఆవిడకే వదిలేస్తాను. ఇంతవరకు ఒక్క కాయా చెడ్డది రాలేదు.

మిలాన్ నుంచి వచ్చే రైలు ముందు పోర్తా సూసాలో ఆగుతుంది. అక్కడ దిగకండి. ఆ తర్వాతిది పోర్తా నువోవా, ప్లాట్‌ఫామ్ చివర నేనుంటాను. ఐదున్నరకల్లా దిగేలా చూసుకో.

నీ
మామ