కార్ల పోలిక పట్టికలో లేని గడి

సంపాదకుడికి,

అయ్యా,

దసరాకు ముందు మీ పత్రిక ప్రత్యేక పేజీలో పది లక్షల లోపు కార్లను పోలుస్తూ ప్రచురించిన పట్టికను మా ఇంట్లో అందరం ఒకటికి రెండుసార్లు చదివాం. మా అల్లుడు కారు కొనే ఆలోచనలో ఉండడమే అందుకు కారణం. మైలేజీ, డిక్కీ వైశాల్యం, భద్రత నక్షత్రాలు, ముందున్న తెర ఎన్ని అంగుళాలు, పైకప్పు తెరుచుకుంటుందా లేదా అన్నవన్నీ అందులో ఉన్నాయి. ముందు బంపరో హెడ్‌లైటో పగిలితే బాగుచేయించడానికి ఎంతవుతుందో చెప్పే గడి మాత్రం లేదు. మీ పట్టికలోనే కాదు, నేను చూసిన ఏ పట్టికలోనూ లేదు. చిన్న గుద్దులకయ్యే మరమ్మతు ఖర్చును కారు ఎంపికలో లెక్కలోకి తీసుకోవాలా వద్దా అంటే, తీసుకుని తీరాలన్నది నా అభిప్రాయం. తీసుకుందామనుకున్నవాడికి ఆ లెక్క ఎక్కడా దొరకకపోవడం నా ఫిర్యాదు.

నిరుడు ఒక మంగళవారం సాయంత్రం మూడు లాంతర్ల దగ్గర, పైడితల్లి అమ్మవారి గుడికి వచ్చే జనం మధ్య, మనిషి నడిచే వేగం కంటే కాస్త ఎక్కువగా కదులుతున్న నా కారు, ముందు హఠాత్తుగా ఆగిన ట్రాలీ ఆటోను తాకింది. తప్పు నాదే, కాదనను. అరటి గెలలతో ఉన్న ఆ ఆటో డ్రైవరు దిగివచ్చి, వెనక మూలను తువ్వాలుతో తుడిచి చూసుకున్నాడు. గీత కూడా పడలేదు. 'మీకేం కాలేదు గదండీ' అని నన్నే పరామర్శించి వెళ్లిపోయాడు. నా కారుకు ఎడమ వైపు బంపరు చీలింది, గ్రిల్ విరిగింది. హెడ్‌లైటు అద్దం చెక్కుచెదరలేదు, దీపం వెలుగుతూనే ఉంది. కానీ దాన్ని బాడీకి బిగించే చిటికెన వేలంత ప్లాస్టిక్ చెవి ఒకటి ఊడింది.

ఆ చెవిని విడిగా అమ్మరు. మొత్తం దీపాన్నే మార్చాలి, అది 31,000 రూపాయలు. బంపరు తొడుగు 9,200, గ్రిల్ 6,000, కూలీ, రంగు కలిపి 7,800, వెరసి 54,000. మా ఊళ్లో ఆ కంపెనీకి షోరూమ్ ఉంది గాని బాడీ పని చేసే చోటు లేదు కాబట్టి, అరవై కిలోమీటర్ల దూరంలోని విశాఖలో బండి పదకొండు రోజులు ఉండిపోయింది. అంతకుముందు మా వీధి చివరి మేస్త్రీకి చూపిస్తే ఆయన వంగి చూసి, 'ఒకప్పుడు రేకు బంపరుండీది మాస్టారూ, సుత్తితో నాలుగు దెబ్బలేస్తే పనైపోయీది. దీన్ని కొడితే ఇంకో రెండు ముక్కలవుతాది' అని చేతులు దులుపుకున్నాడు.

బీమా ఉంది కదా అనే మాట నాకు చాలామంది చెప్పారు. మొదటి రెండేళ్లు నేనూ జనం 'బంపర్ టు బంపర్' అనే తరుగుదల లేని, అంటే భాగాలు పాతబడ్డాయని పరిహారంలో కోత పెట్టని పాలసీయే తీసుకున్నాను. ఆ తర్వాత ఏడాదికి మూడు వేలు మిగులుతాయని మానేశాను. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు బండి వయసుతో పని లేకుండా సగం తరుగుదల కోస్తారు. రేకు భాగాలకైతే మొదటి ఆరు నెలలు ఏమీ కోయరు, ఆ తర్వాత 5 శాతంతో మొదలై ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. అద్దానికి అసలు లేదు. ఈ కోతలు ఏర్పడిన కాలానికీ ఇప్పటికీ కార్లు మారిపోయాయి, ముందూ వెనకా తగిలే చోటంతా ప్లాస్టిక్ అయిపోయింది. నా 46,200 రూపాయల ప్లాస్టిక్‌లో 23,100 నా మీదే పడ్డాయి. రంగు సామగ్రిలో కోత 650, తప్పనిసరిగా మనం భరించాల్సిన 1,000 కలిపితే 24,750 నా జేబులోంచి పోయాయి. మూడేళ్లు ఒక్క క్లెయిమూ లేకుండా కూడబెట్టుకున్న 35 శాతం నో క్లెయిమ్ బోనసు, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మరుసటి రెన్యువల్‌లో సున్నా అయింది. ప్రాణాపాయం లేని, పోలీసు కేసు లేని, అవతలివాడికి గీత కూడా పడని గుద్దుకు ఇదీ ఖర్చు.

భద్రత ముఖ్యం గాని బంపరు ధర ముఖ్యమా అని అడిగేవారికి నా సమాధానం సూటిగానే ఉంటుంది. భద్రతే ముందు. 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ అనే భద్రత పరీక్ష ఇచ్చే నక్షత్రాలు చూడకుండా కారు కొనవద్దని మా అల్లుడికి నేనే చెప్పాను. అయితే ఆ పరీక్షలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు గుద్దిస్తారు, లోపలివారు బతికి బయటపడతారా అన్నదే కొలుస్తారు. బండి బాగుకు ఎంతవుతుందన్నది ఆ పరీక్ష చూసే విషయం కాదు. ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఒక్క లెక్క చెప్పకుండా ఉండలేను. గుద్దులోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 64 కిలోమీటర్ల వేగంలో ఉండే శక్తి 15 కిలోమీటర్ల వేగంలో ఉండేదానికి సుమారు 18 రెట్లు. పెద్ద గుద్దును బ్రహ్మాండంగా తట్టుకునే కారు చిన్న గుద్దుకు పొదుపుగా ఉంటుందన్న హామీ ఏమీ లేదు. రెండూ వేరువేరు ప్రశ్నలు. మన గంటస్తంభం సెంటర్లోనో, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనో రోజూ బండి నడిపేవాడికి రెండో ప్రశ్న మొదటిదానికంటే ఎక్కువసార్లు ఎదురవుతుంది.

బంపరు అని మనం పిలిచేది నిజానికి పైతొడుగు మాత్రమే. దాని వెనక దెబ్బను మింగే దిమ్మ, దాని వెనక అడ్డంగా ఒక లోహపు దూలం, ఆ దూలాన్ని బండి చట్రానికి కలిపే రెండు పొట్టి పెట్టెలు ఉంటాయి. వీటిని క్రాష్ బాక్సులంటారు. చిన్న గుద్దుకు ఈ పెట్టెలు నలిగి చట్రాన్ని కాపాడాలి. వాటిని బోల్టులతో బిగించిన కారులో విప్పి కొత్తవి వేస్తే సరిపోతుంది, వెల్డింగు చేసిన కారులో కోసి అతకాలి. దూలం మరీ పొట్టిదైతే మూలల్లో తగిలిన దెబ్బ దాన్ని తప్పించుకుని నేరుగా హెడ్‌లైటు మీదికి, చక్రం పైనుండే ఫెండరు మీదికి పోతుంది. నా విషయంలో జరిగింది ఇదే. రాడారు, కెమెరా ఉన్న కార్లలో ఆ భాగాలు గ్రిల్ వెనకో ముందు అద్దం పైనో ఉంటాయి కాబట్టి, విప్పి బిగించాక వాటి గురి మళ్లీ సరిచూడడం ఒక అదనపు ఖర్చు. ఇవన్నీ కారుకూ కారుకూ మారే విషయాలు, పైనుంచి చూస్తే తెలిసేవి కావు.

వీటిని కొలవడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో 1970ల్లోనే బంపర్లకు సమాఖ్య ప్రమాణం వచ్చింది. గంటకు 5 మైళ్ల గుద్దును తట్టుకోవాలన్న ఆ నిబంధనను 1982లో రెండున్నర మైళ్లకు తగ్గించారు. అక్కడి బీమా సంస్థలు నడిపే పరిశోధన సంస్థ మెల్లగా గుద్దించి చూసి, ఏ కారు బాగుకు ఎన్ని డాలర్లయిందో పేర్లతో సహా బయటపెట్టేది. బ్రిటన్‌లో కార్లను 1 నుంచి 50 వరకు బీమా గ్రూపులుగా విడదీసేటప్పుడు విడిభాగాల ధర, మరమ్మతుకు పట్టే కాలం లెక్కలోకి వచ్చేవి. బీమా రంగంతో కలిసి పనిచేసే మరమ్మతు పరిశోధన సంస్థల అంతర్జాతీయ మండలికి 15 కిలోమీటర్ల వేగంతో చేసే పరీక్ష ఒకటి ఎప్పటినుంచో ఉంది. మన దగ్గర ప్రీమియం లెక్కలో కారు విలువ, ఇంజిను సామర్థ్యం, వయసు, రిజిస్ట్రేషన్ అయిన ఊరు కనిపిస్తాయి. చిన్న గుద్దుకు ఆ మోడలు ఎంత ఖర్చు పెట్టిస్తుందన్నది కంపెనీల లెక్కల్లో ఉంటే ఉండవచ్చు గాని, కొనేవాడి కళ్లకు కనబడదు.

ఈ ఖర్చుకు భయపడి మన జిల్లాలో చాలామంది ముందు ఇనుప గార్డులు బిగిస్తున్నారు. ఇది రోగం కంటే చెడ్డ వైద్యం. గార్డు దెబ్బను మింగదు, నేరుగా చట్రానికి పంపిస్తుంది. ఎయిర్‌బ్యాగులు సమయానికి తెరుచుకోవడాన్ని దెబ్బతీయవచ్చు. అడ్డువచ్చిన పాదచారి కాళ్లను విరగ్గొడుతుంది. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వీటిని అరికట్టమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ముందు భాగం మెత్తగా ఉండడం నడిచేవాళ్లకు మేలే కాబట్టి, పాత రేకు బంపర్లు మళ్లీ రావాలని నేను అనడం లేదు. అలాగే చవకని పాత రకం దీపాలే మంచివనీ అనను. రాత్రిపూట భోగాపురం మీదుగా హైవేలో వెళ్లేటప్పుడు ఎల్‌ఈడీ వెలుగు విలువ నాకు తెలుసు. ఆ దీపానికి చెవి విడిగా ఎందుకు దొరకదన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న పాతదే. విడిభాగాలను, మరమ్మతు పనిముట్లను బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు దానిపై అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది, అందులో వాహనాలూ ఉన్నాయి. మా మేస్త్రీ దాకా మాత్రం ఇవేవీ రాలేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి షోరూమ్‌లోనూ కారు ధర పక్కనే ముందు, వెనక బంపర్లు, హెడ్‌లైటు, వెనక దీపం, ముందు అద్దం, పక్క అద్దం, ఈ ఆరింటి ధరను బిగింపు కూలీతో సహా రాసిపెట్టాలని ప్రభుత్వం ఆదేశించాలి. భారత్ ఎన్‌క్యాప్‌లో నెమ్మది గుద్దు పరీక్షను నక్షత్రాలతో కలపకుండా విడిగా చేర్చాలి. హైదరాబాదులోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ, మోడళ్ల వారీగా సగటు క్లెయిమ్ ఎంతో కంపెనీల చేత ఏటా వెల్లడి చేయించాలి.

ఈలోగా మేం చేసింది చెబుతాను. అల్లుడితో కలిసి రెండు షోరూమ్‌లకు వెళ్లి విడిభాగాల కౌంటరులో ఈ ఆరింటి ధర అడిగాను. ఒక చోట అయిదు నిమిషాల్లో కంప్యూటరు చూసి కాగితం మీద రాసిచ్చారు. రెండో చోట సేల్స్ కుర్రాడు 'కొనకముందే యాక్సిడెంటు మాటెందుకండీ, అశుభం' అన్నాడు, చివరికి హెడ్‌లైటు ధర ఒక్కటే చెప్పాడు. ఆ రెండు కార్ల ధరలో తేడా ఇరవై వేలు. ఒక్క హెడ్‌లైటు ధరలోనే తేడా ఇరవై ఆరు వేలు. మా అల్లుడు ఇంకా తేల్చుకోలేదు. ఉగాదికి మీ పట్టిక మళ్లీ వేసేటప్పుడు దాంట్లో ఒక గడి పెంచుతారేమో చూసి కొంటానంటున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయనగరం.