సోర్స్ కోడ్ మూసేస్తారా అని అడుగుతున్న కస్టమర్లకు

ఈ మధ్య మీలో చాలామంది ఒకే ప్రశ్నని రకరకాలుగా అడుగుతున్నారు. మన స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి పోటీగా ఒక పెద్ద కంపెనీ తన ప్యాకేజీని దింపింది. మొదటి ఏడాది ఉచితం అంటోంది, పాత డేటా మేమే ఎక్కించి పెడతాం అంటోంది. వాళ్ల సేల్స్ మనుషులు మీ దగ్గరికొచ్చి మా గురించి రెండు మాటలు చెబుతున్నారట. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం రాసిన మూల పాఠం, అందరి ముందూ పెట్టేసిన చిన్న కంపెనీ ఎంతోకాలం నిలబడదని ఒకటి. నిలబడాలంటే ఇవాళో రేపో కోడ్ మూసేయక తప్పదని ఇంకొకటి. ఆ మాటలు మీ మనసులో పెట్టుకోకుండా మాకు చేరవేయడం మంచిదైంది. నేను కూడా మొహమాటం పక్కనపెట్టి జవాబు రాస్తున్నాను.

ముందు రెండో మాట తేల్చేద్దాం. కోడ్ మూసేయం. రేపు నాకు బుద్ధి మారి మూసేద్దామనుకున్నా మూసేయలేను. ఇందులో నా మంచితనం ఏమీ లేదు, అది కాపీరైట్ లెక్క.

మన ప్రోగ్రాం ఏజీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్సు కింద ఉంది. 2007లో వచ్చిన లైసెన్సు అది. దాని ప్రకారం కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, దాంతో వ్యాపారమూ చేసుకోవచ్చు. అయితే మార్చిన ప్రోగ్రాంని నెట్‌వర్క్ మీద జనం చేత వాడిస్తే, ఆ మార్పుల సోర్స్ కోడ్ కూడా వాడేవాళ్లకి అందుబాటులో పెట్టాలి. మేం సొంతంగా రాసిన భాగానికి మేమే హక్కుదారులం కాబట్టి దాన్ని వేరే లైసెన్సు కింద ఇచ్చుకునే వీలు మాకుంది. కానీ ప్రోగ్రాం మొత్తం మేం రాసింది కాదు. బార్‌కోడ్ ప్రింటింగ్, గోడౌన్ల మధ్య బదిలీ, పన్నుల లెక్కలో చాలా భాగం బయటివాళ్లు రాసి ఇచ్చినవే. ఆ కోడ్ మీద కాపీరైట్ వాళ్లదే.

చాలా కంపెనీలు బయటివాళ్ల కోడ్ తీసుకునే ముందు ఒక ఒప్పందం మీద సంతకం చేయించుకుంటాయి. దాన్ని తర్వాత ఏ లైసెన్సు కిందకైనా మార్చుకునే వీలు కంపెనీకి ఉంటుందని అందులో ఉంటుంది. మేం ఆ సంతకం ఎవర్నీ అడగలేదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నెల్‌లో 2004 నుంచి నడుస్తున్న పద్ధతే పెట్టుకున్నాం. ప్యాచ్, అంటే కోడ్‌లో చేసిన మార్పు, పంపేవాళ్లు చివర్లో తమ పేరుతో ఒక లైను రాస్తారు, ఈ కోడ్ ఇచ్చే హక్కు తమకు ఉందని అది ధ్రువీకరణ. అంతకుమించి ఏమీ లేదు. అందుకని మా లైసెన్సు మార్చాలంటే కోడ్ ఇచ్చిన ప్రతి మనిషీ ఒప్పుకోవాలి, లేదా వాళ్ల భాగాలన్నీ పీకేసి మళ్లీ రాయాలి. వాళ్లలో కొందరు ఇప్పుడెక్కడున్నారో కూడా మాకు తెలియదు. ఇదంతా తెలిసే చేశాం. రేపు నేను కంపెనీని ఎవరికైనా అమ్మేసినా ఈ ముడి విప్పడం కొన్నవాళ్ల తరం కాదు.

అమ్మకం సంగతి ఊరికే ఎత్తలేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కాపీరైట్ దాన్ని తయారుచేసిన కంపెనీ చేతిలోనే ఉండేది. ఆ కంపెనీని 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ దాదాపు 100 కోట్ల డాలర్లకు కొంది. 2010 జనవరిలో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. అంటే కోడ్ మూసిన డేటాబేస్ అమ్మి పెరిగిన కంపెనీ చేతికే దాని ఓపెన్ సోర్స్ పోటీదారు, అంటే కోడ్ తెరిచి ఉన్న పోటీదారు, వెళ్లిపోయింది. మైఎస్‌క్యూఎల్‌ని మొదట రాసినవాళ్లలో ఒకరైన మైకేల్ విడేనియస్ ముందే ఇది చూసి, 2009లో ఆ కోడ్ నుంచే మరియాడీబీ మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే భయపడినంత జరగలేదు, మైఎస్‌క్యూఎల్ ఇప్పటికీ ఏజీపీఎల్‌కి చుట్టమైన జీపీఎల్ లైసెన్సు కింద దొరుకుతోంది. కానీ ఆ రోజున దాని మీద వ్యాపారం నడుపుకుంటున్నవాళ్లకి ఆ భరోసా ఎవరిచ్చారు? మన డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఎంచుకోవడానికి పెద్ద కారణం ఇదే. దానికి ఒక్క కంపెనీ యజమాని కాదు, కొనేయడానికి అక్కడ ఏమీ లేదు.

ఇక మీ సర్వర్ నోటీసులో కనిపించిన కొత్త పేరు గురించి. "రెడిస్ తీసేసి వాల్కీ పెట్టాం" అన్న ఒక్క లైను చూసి ఏదో పాడైందేమోనని కొందరు టెన్షన్ పడ్డారు. ఏమీ పాడవలేదు. తరచూ అడిగే డేటాని మెమరీలో ఉంచి చటుక్కున ఇచ్చే ప్రోగ్రాం రెడిస్. ఇన్నేళ్లూ బీఎస్‌డీ లైసెన్సు కింద వచ్చింది. 2024 మార్చిలో దాని కంపెనీ ఆ లైసెన్సు మార్చేసి, ఇకమీదట వచ్చే వెర్షన్లకి సొంత షరతులు పెట్టింది. బీఎస్‌డీ మహా ఉదారమైన లైసెన్సు. ఎవరైనా ఆ కోడ్ తీసుకుని తమ షరతుల కింద పెట్టుకోవచ్చు. ఆ ఉదారతే ఇక్కడ కంపెనీకి దారి ఇచ్చింది. ఆ నెల గడవకముందే పాత లైసెన్సులో ఉన్న 7.2.4 వెర్షన్ నుంచి కొందరు డెవలపర్లు వాల్కీ పేరుతో విడిగా పని మొదలుపెట్టారు, లినక్స్ ఫౌండేషన్ దాన్ని తన గొడుగు కిందకి తీసుకుంది. మన ప్రోగ్రాం వైపు నుంచి చూస్తే కనెక్షన్ సెట్టింగుల్లో చిన్న మార్పు, అంతే.

2025 మేలో రెడిస్ 8 వచ్చినప్పుడు ఏజీపీఎల్‌ని కూడా చేర్చారు, అంటే మళ్లీ ఓపెన్ సోర్స్ అయింది. మరి మీరూ వెనక్కి వెళ్తారా అని ఒకరిద్దరు అడిగారు. వెళ్లం. వాల్కీ బాగానే పనిచేస్తోంది, ఒకసారి మారిన షరతు మళ్లీ మారదని నేను మీకు హామీ ఇవ్వలేను.

సర్వర్లని ఏర్పాటు చేసే టెర్రాఫార్మ్ అనే ప్రోగ్రాం విషయంలో 2023 ఆగస్టులో ఇదే వరస. డేటాలో వెతికిపెట్టే ఎలాస్టిక్‌సెర్చ్‌ది 2021లో. వాటి పాత కోడ్ నుంచి విడిపోయిన ఓపెన్‌టోఫు, ఓపెన్‌సెర్చ్ అలా పుట్టినవే. అయితే ఈ కంపెనీలన్నిటినీ దుర్మార్గుల కింద జమకట్టడం నాకు ఇష్టం లేదు. వాళ్ల బాధ నాకు లోపలినుంచి తెలుసు. మీరు ఏళ్ల తరబడి రాసిన ప్రోగ్రాంని ఒక పెద్ద క్లౌడ్ కంపెనీ తీసుకుని, తన సర్వర్ల మీద పెట్టి అద్దెకిస్తుంది. కస్టమర్ దానివాడు, బిల్లు దానిది, మీకు మిగిలేది బగ్ రిపోర్టులు. మాంగోడీబీ అనే డేటాబేస్ కంపెనీ 2018లో ఎస్‌ఎస్‌పీఎల్ అనే కొత్త లైసెన్సు తెచ్చింది ఈ బాధతోనే. ఏ లైసెన్సు ఓపెన్ సోర్సో తేల్చే ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ అనే సంస్థ దాన్ని ఓపెన్ సోర్స్‌గా ఒప్పుకోలేదు, నా దృష్టిలో అది సరైన నిర్ణయమే, అయినా బాధ మాత్రం నిజం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. వాల్కీ వెనక నిలబడినవాళ్లలో అమెజాన్, గూగుల్, ఒరాకిల్ ఉన్నాయి. కమ్యూనిటీ అనగానే తీరిక వేళల్లో కోడ్ రాసే కుర్రాళ్లని ఊహించుకుంటాం కానీ, పెద్ద ప్రాజెక్టుల్లో చాలామంది జీతాలు వచ్చేది పెద్ద కంపెనీల నుంచే.

మన ప్రాజెక్టు అంత పెద్దది కాదు కాబట్టి మన కమ్యూనిటీ వేరేలా ఉంటుంది. ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక మందుల స్టోరులో స్టాకు చూసే ఆవిడ నుంచి రిపోర్టు వచ్చింది. పెట్టెలో 12 స్ట్రిప్పులు. ఒక్కో స్ట్రిప్పు చొప్పున పన్నెండూ అమ్మేశాక పెట్టె ఖాళీ, కానీ స్క్రీన్ మీద 0.0004 పెట్టె మిగిలి ఉన్నట్టు చూపిస్తోంది. మిగిలిందంటే అయిపోలేదు, అయిపోలేదంటే "స్టాకు లేదు" అనే హెచ్చరిక రాదు. ప్రోగ్రాం ఒక స్ట్రిప్పుని పెట్టెలో 0.0833 వంతుగా లెక్కేసి నాలుగు దశాంశాల దగ్గర ఆపేస్తోందని ఆవిడే పట్టుకున్నారు. పన్నెండు సార్లు తీసేస్తే 0.9996. నిల్వని పెట్టెల్లో కాకుండా అన్నిటికన్నా చిన్న యూనిట్‌లో, పూర్ణాంకంగా దాచుకోవాలని సూచించారు. కోడ్ రాయడం ఆవిడకి రాదు. ఆ మాట చదివి మరో దేశంలో ఉన్న ఒకాయన ప్యాచ్ పంపారు. మేం దాన్ని పరీక్షించి, పాత డేటాని కొత్త పద్ధతిలోకి మార్చే స్క్రిప్టు రాశాం. మీరు వాడుతున్న వెర్షన్‌లో ఉన్నది అదే లెక్క. ఆ ఇద్దరిలో ఎవరూ మాకు ఒక్క పైసా కట్టలేదు, మేమూ వాళ్లకి కట్టలేదు. సోర్స్ కోడ్ మూసి ఉంటే ఆవిడ ఫిర్యాదు ఏ హెల్ప్‌డెస్కులోనో టికెట్ నంబరు అయి కూర్చునేది.

కోడ్ అందరికీ కనిపిస్తే దొంగలకీ కనిపిస్తుంది కదా అని పోటీ కంపెనీ సేల్స్ మనిషి ఒక కస్టమర్‌ని భయపెట్టాడట. కనిపిస్తుంది. నలుగురి కళ్లూ పడుతుంటాయి కాబట్టి తప్పులే ఉండవని నేను చెబితే నమ్మకండి. నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపే ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్‌లో 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం అప్పటికి రెండేళ్లుగా అందరి ఎదుటే ఉంది. అందరూ వాడుకున్నారు, చదివినవాళ్లు తక్కువ. 2024 మార్చిలో ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో జరిగింది ఇంకా ఘోరం. దాన్ని ఒంటరిగా నెట్టుకొస్తున్న నిర్వాహకుడి దగ్గర ఒక అనామకుడు ఏళ్ల తరబడి మంచి ప్యాచ్‌లు పంపి, నమ్మకం సంపాదించి, చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టు అయింది. ఎలా దొరికాడు? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్) డెవలపర్ తన మెషీన్‌లో దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వాడు. కోడ్ తెరిచి ఉంది కాబట్టి అడుగు దాకా తవ్వగలిగాడు. ఆయన ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో. 2001లో ఆ కంపెనీ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చారని గుర్తున్నవాళ్లు ఇక్కడ కాసేపు నవ్వుకోవచ్చు. మన సర్వర్ల మీద ఉన్నది డెబియన్ అనే లినక్స్‌లోని స్థిరమైన రకం, డెబియన్ స్టేబుల్. ఎక్స్‌జెడ్ ఆ రెండు వెర్షన్లూ అందులోకి రాలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి, చిన్న కంపెనీ నిలబడదన్న మొదటి మాటకి జవాబు కూడా ఇదే. మన ప్రోగ్రాంని వాడేవాళ్లలో ఎక్కువమంది మాకు ఏమీ కట్టరు, సొంత సర్వర్ మీద పెట్టుకుని నడుపుకుంటారు. అది వాళ్ల హక్కు, అందులో నాకు ఫిర్యాదు లేదు. జీతాలు వచ్చేది మీరు కట్టే హోస్టింగ్, సపోర్టు చార్జీల నుంచే. పోటీ వచ్చాక కొందరు వెళ్లిపోయారు, ఇంకొందరు వెళ్లొచ్చు. అందుకని మూడు మార్పులు చేస్తున్నాం. వచ్చే బిల్లింగ్ నుంచి హోస్టింగ్ చార్జీ పెరుగుతుంది, ఎవరికి ఎంతన్నది విడిగా మెయిల్ వస్తుంది. సపోర్టు ప్లాన్ లేనివాళ్లకి ఫోన్ సహాయం ఆపేస్తున్నాం, రిపోర్టులు మాత్రం ఎవరు రాసినా చదువుతాం. ఇకపై ఎవరైనా తమ ఒక్కరి కోసం మార్పు అడిగితే, అది అందరి వెర్షన్‌లోకి వెళ్లేలాగే రాస్తాం. ఒక్కరి సర్వర్‌కే అతికించిన ప్యాచ్ ప్రతి అప్‌డేట్‌కీ ఊడిపోతుంది, దాన్ని మళ్లీ అతికించే ఖర్చు మిగతావాళ్ల నెత్తిన పడుతోంది.

కొన్ని ఫీచర్లని డబ్బు కట్టినవాళ్లకే దాచిపెట్టమని ఇద్దరు ముగ్గురు శ్రేయోభిలాషులు సలహా ఇచ్చారు. లెక్క ప్రకారం చూస్తే మంచి సలహానే. కానీ అలా చేసిన రోజు నుంచి, బయటివాళ్లు పంపే ప్రతి ప్యాచ్ దగ్గరా ఇది మా డబ్బు ఫీచర్‌కి పోటీ అవుతుందా అని ఆలోచించాల్సి వస్తుంది. ఆ బుద్ధి నాకు అక్కర్లేదు.

పోటీ కంపెనీ దగ్గర మాకన్నా మెరుగైనవి ఉన్నాయి. వాళ్ల మొబైల్ యాప్ నెట్ లేకపోయినా బిల్లు కొడుతుంది, మనది ఇంకా కొట్టదు. వాళ్ల హెల్ప్‌లైన్ రాత్రిపూట కూడా ఎత్తుతారు. మీ వ్యాపారానికి ఈ రెండూ ప్రాణం అనుకుంటే వాళ్ల దగ్గరికి వెళ్లడమే మీకు మంచిది, వెళ్లినందుకు మేమేమీ అనుకోం. వెళ్లేముందు సెట్టింగుల్లో "మొత్తం ఎగుమతి" నొక్కండి. సరుకులు, ఖాతాలు, పాత బిల్లులు సీఎస్‌వీ ఫైళ్లుగానూ, మొత్తం డేటాబేస్ నకలు పోస్ట్‌గ్రెస్ డంప్‌గానూ వస్తాయి. సీఎస్‌వీ ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరుచుకుంటుంది. అక్కడ వాళ్లు ఎక్కించుకునేది సరుకుల జాబితా, బాకీలు మాత్రమేనని, పాత బిల్లుల చరిత్ర రాలేదని వెళ్లిన ఒకాయన చెప్పారు. అందుకని ఆ ఫైళ్లు మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి. ఉచితం అన్న ఏడాది ముగిశాక చార్జీ ఎంత, వద్దనుకుంటే మీ డేటా ఏ రూపంలో తిరిగి ఇస్తారు, ఈ రెండూ వాళ్లచేత కాగితం మీద రాయించుకోండి.

నెట్ లేకుండా బిల్లు కొట్టే పని మన దగ్గరా నడుస్తోంది. బిల్లు పడుతోంది, కానీ నెట్ తిరిగొచ్చాక రెండు కౌంటర్ల బిల్లు నంబర్లు ఢీకొంటున్నాయి. కౌంటర్‌కో ముందక్షరం పెట్టాలా, లేక నెట్ వచ్చాకే అసలు నంబరు ఇవ్వాలా అన్నది తేలలేదు. ఒకటికన్నా ఎక్కువ కౌంటర్లు ఉన్నవాళ్లు మీకు ఏది నయమో సపోర్టు మెయిల్‌కి రాయండి. పరీక్షకి ఒప్పుకునేవాళ్లకి అసలు డేటా జోలికి పోకుండా విడిగా ఒక నకలు సర్వర్ ఇస్తాం.