అమ్మమ్మ చెంబు, నా ఇంజనీరింగు

భీమిలి
ఆదివారం, మధ్యాహ్నం

ఒరే మూర్తీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టు, పడతాను, కానీ ఇది చదివాక తిట్టు. ఇక్కడ అందరం కులాసా. పెద్దదానికి పరీక్షలు, కొబ్బరి ధర పర్వాలేదు, కుక్క కాలు బాగైంది. వార్తలు అయిపోయాయి.

అసలు సంగతి నీళ్ళు. మా తోట ఇంటికి కరెంటు తీగ లేదని నీకు తెలుసు. 2014లో హుద్‌హుద్ తుఫాను నాడు మా సీతమ్మధార ఇంట్లో కొవ్వొత్తి ముందు, ఇక కరెంటు తీగ మీద ఆధారపడనని నేను చేసిన శపథానికి నువ్వే సాక్షివి. (ఆ రాత్రి నువ్వు చేసిన శపథం గురించి మీ ఆవిడకు ఇంకా చెప్పలేదు, భయపడకు.) మొత్తానికి ఇప్పుడు సోలార్ పలకలు, రెండు బ్యాటరీలు, ఇన్వర్టరు పెట్టుకుని ఎవరి బిల్లూ లేకుండా దర్జాగా ఉన్నాం.

దర్జా అంతా స్నానాల గది దగ్గర ఆగిపోయింది. లెక్క చూడు. వంద లీటర్ల నీళ్ళు 20 డిగ్రీలు వేడెక్కాలంటే సుమారు 2.3 యూనిట్లు కావాలి. 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలు రెండూ నిండా ఉంటే 3.6 యూనిట్లు. అందులో సగం దాటి వాడితే వాటి ఆయుష్షు తగ్గిపోతుంది. అంటే ఇంటిల్లిపాదీ వేడినీళ్ళు పోసుకుంటే రాత్రికి ఫ్యాను లేదు. అందుకని సెప్టెంబరులో డాబా మీద గాజు గొట్టాల సోలార్ హీటరు పెట్టించాను. పెట్టించాను అంటే నీళ్ళ గొట్టాలు నేనే బిగించాను, ప్లంబరు అడిగిన కూలి విని. నవ్వకు, ముందుంది.

కార్తీకమాసానికి అమ్మమ్మ వచ్చింది. "స్నానం చన్నీళ్ళతోనే చెయ్యాలిరా, కానీ నా మోకాళ్ళకు ఆ శాస్త్రం తెలియదు" అంది. తెల్లవారుజామున నాలుగున్నరకు వేడి కుళాయి తిప్పితే నీళ్ళు మంచులా వచ్చాయి! మా బావమరిది నిద్రమత్తులో, మంచి మనసుతో, బకెట్‌లో 1500 వాట్ల రాడ్ పెట్టి స్విచ్ వేశాడు. మా ఇన్వర్టరు 1500 వీఏ (వోల్ట్-ఆంపియర్), మోయగలిగేది సుమారు 1200 వాట్లు. కుయ్యిమని ఒక్క కూత కూసింది, ఇల్లంతా చీకటి. ఆ చీకట్లో నేను బకెట్ తన్నుకుని పడ్డాను. గోదావరి స్టేషను గుర్తొచ్చిందిరా, అచ్చం అలాగే పడ్డాను, ఈసారి పక్కన నువ్వు లేవంతే. అమ్మమ్మ మాత్రం తాపీగా కొబ్బరి డొక్కలు వెలిగించి పాత రాగి కాగులో నీళ్ళు కాచుకుంది.

మధ్యాహ్నం డాబా ఎక్కాను. ట్యాంకు పైన గాలిగొట్టం ముట్టుకుంటే చురుక్కుమంది, కింద కుళాయిలోనేమో చన్నీళ్ళు. ఈ మాయ ఏమిటని గంటసేపు ఎండలో కూర్చున్నాను. అమ్మమ్మ మెట్ల దగ్గర నిలబడి, "పై నీళ్ళు వేడి, అడుగు నీళ్ళు చల్లన. నేను కాగులో చెంబు ఎప్పుడూ పైనుంచే ముంచుతాను. నీ డబ్బాలో ఎక్కడినుంచి ముంచుతున్నావు?" అంది.

అడుగునుంచి, మూర్తీ! చన్నీళ్ళు కిందినుంచి ఎక్కి, వేడినీళ్ళు పైనుంచి దిగాల్సిన ట్యాంకుకు నేను రెండు గొట్టాలూ తారుమారుగా బిగించాను. థర్మోడైనమిక్స్ పరీక్షలో నీకు కాపీ ఇచ్చినవాణ్ణి నేనే కదా, ఇప్పుడు ఆలోచిస్తే నువ్వెలా ఫెయిలయ్యావో అర్థమవుతోంది.

ఆ సాయంత్రమే మార్చాను. మర్నాడు అమ్మమ్మ మొదటి చెంబు పోసుకుని, "అబ్బా, చన్నీళ్ళు కలపాలిరా, వళ్ళు ఉడికిపోతోంది" అని అరిచింది. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. తర్వాత ఎందుకో దిగులుగా అనిపించింది. ఆవిడకు ఎనభై నాలుగు, వచ్చే కార్తీకానికి ఈ మెట్లు... సరే, వదిలెయ్.

వర్షాకాలంలో నాలుగు రోజులు మబ్బు పడితే ఏం చెయ్యాలో కూడా రాయాలి. కాగు అటక ఎక్కించవద్దని అమ్మమ్మ ఆజ్ఞ, దాని మీద మా ఆవిడకూ ఆవిడకూ జరిగిన... అయ్యో, బావమరిది గేటు దగ్గర స్కూటరు హారను మోగిస్తున్నాడు, ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేయాల్సింది వాడే. నువ్వు సంక్రాంతికి

వస్తున్నావు. రాడ్ తేకు.

నీ
చిన్నా