మీ వెబ్‌సైట్‌లో తెలుగు ఎందుకు పోయింది, ఎలా తిరిగి పెడుతున్నాం

అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, వెబ్‌సైట్ పని చూసుకునే యవ్వనస్థులకు వందనాలు.

గుడ్ ఫ్రైడే పొద్దున్నుంచి ఈస్టర్ సాయంత్రం దాకా మేం చూసే 14 సంఘాల వెబ్‌సైట్లూ తెరుచుకోలేదు. ఆ రాత్రి తెరుచుకున్నాయి. తీరా చూస్తే తెలుగు ఉండాల్సిన చోటల్లా ప్రశ్నార్థకాలు. బొల్లారం వైపు నుంచి ఒక అయ్యగారు ఫోన్ చేసి, "బాబూ, వాక్యం ఉన్నచోట వరసగా ప్రశ్న గుర్తులే కనిపిస్తున్నాయి, నా ఫోన్‌లోనే ఇలా ఉందా?" అని అడిగారు. ఆయన ఫోన్‌కి ఏమీ కాలేదు. ఆ పూట ఆయనకి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు అందరికీ కలిపి చెబుతున్నాను.

సర్వర్ మా సొంతం కాదు. ఒక కంపెనీ దగ్గర ఏడాదికింత అని అద్దె కట్టి వాడుతున్నాం. రోజూ రాత్రి బ్యాకప్ తీస్తామని వాళ్ల కాగితాల్లోనే ఉంది. శుక్రవారం పొద్దున ఆరింటికి సర్వర్ పడిపోయింది. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. ఏడాదిలో మిగతా రోజులు ఎలా ఉన్నా, గుడికి దూరమైనవాళ్లు, ఊరు మారినవాళ్లు టైమ్ చూసుకోవడానికి వెబ్‌సైట్ తెరిచేది ఆ రోజే. నేను పదకొండు సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ "పని జరుగుతోంది సార్" అన్నారు. అదీ మర్యాదగానే, కానీ అంతకుమించి ఒక్క ముక్క లేదు. శనివారం రాత్రి ఒకాయన అసలు సంగతి చెప్పాడు. రోజూ తీస్తామన్న బ్యాకప్ మూడు వారాల నుంచి తీయడం లేదట. ఉన్న పాత కాపీనైనా జాగ్రత్తగా ఎక్కించారా అంటే అదీ లేదు. మన రాతలన్నీ దాచే డేటాబేస్ యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతిలో ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి లాటిన్-1 అనే పాత పద్ధతిలోకి దింపారు. లాటిన్-1లో ఇంగ్లీషు లాంటి భాషల అక్షరాలకే చోటుంది, తెలుగుకి లేదు. చోటు లేని ప్రతి అక్షరం బదులు ఒక ప్రశ్నార్థకం పడింది.

అక్షరాలు పిచ్చి గుర్తుల్లా చెదిరిపోతే చాలాసార్లు వెనక్కి తేవచ్చు, లోపల బైట్లు, అంటే అక్షరాల వెనకున్న అంకెలు, అలాగే ఉంటాయి కాబట్టి. ప్రశ్నార్థకం పడితే మాత్రం కింద అక్షరం మిగలదు. పాత కాపీ మీదే దింపేశారు కాబట్టి అదీ పోయింది. మీ ఇంగ్లీషు పేజీలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆదివారం రాత్రి అది చూసినప్పుడు కలిగిన బాధ మాటల్లో చెప్పలేను.

నా తప్పు కూడా ఉంది. ఫొటోలు, డిజైన్ మా ఆఫీసులో కాపీ ఉన్నాయి. రాతలకి వాళ్ల మాట నమ్ముకున్నాను. నమ్మకుండా ఉండాల్సింది.

ఆదివారం రాత్రి నుంచి మూడు రోజులు ఒకే విషయం మీద కొట్టుమిట్టాడాను. ఇంగ్లీషు పేజీలు ఉన్నాయి కదా, వాటిని మెషీన్ ట్రాన్స్‌లేషన్‌తో తెలుగు చేసి పెట్టేద్దామా? ఒక్క సాయంత్రం పని. మాతో పనిచేసే ఇద్దరూ అదే అన్నారు, వాళ్లదీ టెన్షనే. ఒక సంఘం పేజీలు చేసి చూశాను. అయ్యగారిని మినిస్టర్ అన్నచోట "మంత్రి" వచ్చింది. సండే సర్వీస్, అంటే ఆదివారం ఆరాధన, "ఆదివారం సేవ" అయింది. ప్రభురాత్రి భోజనం ఉన్నచోట వేరే ఏదో విందు. తప్పులు దిద్దుకోవచ్చు, నిజమే. కానీ ఒక సంఘంలో డెబ్భై ఏళ్ల అమ్మగారు తన సాక్ష్యం సొంత మాటల్లో రాసిచ్చారు, "నా దేవుడు నన్ను విడువలేదు నాయనా" అని మొదలవుతుంది. ఇంగ్లీషు పేజీలో దాని సారాంశం నాలుగు లైన్లే. ఆ నాలుగు లైన్లని మళ్లీ తెలుగు చేసి ఆమె పేరు కింద పెట్టడానికి నాకు చేయి రాలేదు. పెట్టను. ఎంత ఆలస్యమైనా సరే, మీరు రాసింది రాసినట్టే తిరిగి టైపు చేస్తాం.

పని మొదలైంది. సంఘాల పాత వారపు పత్రికల్లోంచి రాతలు తీస్తున్నాం. అవి చాలామటుకు ప్రెస్సువాళ్లు "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో చేసినవి. అవి ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే యూనికోడ్ కావు, నేరుగా కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి వస్తాయి. కన్వర్టర్‌లో వేస్తే తొంభై పాళ్లు కుదురుతుంది, వత్తులు, పొల్లులు మాత్రం తప్పుతాయి. అందుకని ప్రతి పేజీ ఇద్దరం విడివిడిగా చదువుతున్నాం. వాక్యాలని బైబిలు దగ్గర పెట్టుకుని సరిచూస్తున్నాం. ఐదు సంఘాలవి అయిపోయాయి.

ఈ గొడవలో ఒక పెద్దమనిషి, "ఫేస్‌బుక్ పేజీ ఉంది, యూట్యూబ్ లైవ్ ఉంది, ఇంకా వెబ్‌సైట్ ఎందుకయ్యా" అన్నారు. నొచ్చుకున్నాను, దాచను. ఆయనకి అప్పుడు చెప్పలేకపోయింది ఇది. గుంటూరు నుంచి మియాపూర్‌కి కొత్తగా వచ్చిన కుటుంబానికి కావాల్సింది మూడే: తెలుగు ఆరాధన ఎన్నింటికి, గుడి ఎక్కడ, ఎవరికి ఫోన్ చేయాలి. ఇక్కడ ఒకే గుడిలో ఇంగ్లీషు ఆరాధన ఒక టైముకి, తెలుగుది ఇంకో టైముకి ఉంటుంది. ఫేస్‌బుక్‌లో అది వెతకాలంటే పెళ్లి శుభాకాంక్షలు, పోయిన క్రిస్మస్ ఫొటోలు అన్నీ దాటుకుంటూ పోవాలి. వెబ్‌సైట్ తెరవగానే పైనే ఉండాలి, తెలుగులో ఉండాలి, చిన్న ఫోన్‌లో కూడా వెంటనే రావాలి. గుడి ఫొటోలు పది వరసగా తిరిగే బ్యానర్ వద్దని ప్రతి సంఘంతో వాదించేది ఇందుకే. వీడియోలు యూట్యూబ్‌లోనే ఉంచి లింకు ఇద్దాం. సండే స్కూల్ పిల్లల ఫొటోలు తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే పెడదాం. ఈ మూడింటిలో ఇకముందు కూడా నా మాట మారదు.

ఆ కంపెనీతో తెగతెంపులు చేసుకున్నాం. కొత్త సర్వర్‌కి మారాం, రోజూ ఒక కాపీ మా ఆఫీసుకి వస్తుంది. నెలకోసారి ఆ కాపీని వేరేచోట ఎక్కించి, తెలుగు పేజీ తెరిచి నేనే చదువుతాను. డొమైన్, అంటే వెబ్‌సైట్ అడ్రసు, మా పేరున ఉన్న మూడు సంఘాలవి ఈ నెలలో సంఘం పేరుకే మార్చేస్తాం, రేపు నేను లేకపోయినా అది మీదే. ఈ పనుల్లో దేనికీ డబ్బు తీసుకోం. మా దగ్గర మీ వెబ్‌సైట్‌కి ఉన్న ఈ ఏడాది గడువు అందరికీ మూడు నెలలు పొడిగించాం.

ఒక్క సాయం కావాలి. పాత వారపు పత్రికలు, వార్షికోత్సవ సంచికలు, చేత్తో రాసిన సాక్ష్యాలు మీ ఇళ్లలో, గుడి బీరువాల్లో ఉంటాయి. సీతాఫల్‌మండిలోని మా ఆఫీసుకి ఎవరైనా తెచ్చివ్వండి, లేదంటే కబురు పెట్టండి, నేనే వచ్చి తీసుకుంటాను. స్కాన్ చేసి వారంలో తిరిగిస్తాం. ఆ అమ్మగారి సాక్ష్యం కాగితం ఇంకా దొరకలేదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె ఇంటికే వెళ్తున్నాను. ఆమె చెబుతుంటే రాసుకుంటాను.