ఆ ఒక్క నివేదిక కోసం మా అక్క కేసు ఎన్నాళ్లు ఆగాలి? – వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలతో రాయునది.

వైద్యుల నిర్లక్ష్యంతో మనిషి చనిపోతే ఆ కుటుంబం ఎక్కడెక్కడికి వెళ్లాలో మీకు తెలియనిది కాదు. పోలీసు స్టేషన్, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయం, నల్లగొండ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి, వైద్యుల మీద ఫిర్యాదులు విచారించే హైదరాబాదులోని వైద్య మండలి, చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్, ఆ గడపలన్నీ మేము తొక్కాము. మీ కార్యాలయానికి పంపిన వినతిపత్రాలకు రిజిస్టర్డ్ పోస్టు రసీదులు తప్ప మరో కాగితం మా చేతికి రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను.

నిరుడు వరినాట్ల కాలంలో మా అక్కకు జిల్లాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి ఆపరేషన్ చేశారు. సాయంత్రానికే ఒళ్లు చల్లబడింది, చెమటలు పట్టాయి. రాత్రంతా వార్డులో ఒక్క నర్సమ్మ తప్ప డాక్టరన్నవారు లేరు. తెల్లవారుజామున "హైదరాబాదు తీసుకుపొండి" అని చీటీ రాసి అంబులెన్సు ఎక్కించారు. చౌటుప్పల్ దాటకముందే ప్రాణం పోయింది. "మా దగ్గరి నుంచి వెళ్లేటప్పుడు ఆమె బతికే ఉంది" అని ఆ ఆసుపత్రి ఇప్పటికీ చెబుతున్నది. ఒళ్లు కోయించొద్దని పెద్దలు ఎంత చెప్పినా మా బావ వినకుండా పోస్టుమార్టం చేయించాడు కాబట్టే, కడుపు నిండా రక్తం చేరిందన్న సంగతి కాగితం మీద మిగిలింది. ఆ పట్టుదల లేక, ఏడుస్తూ శవాన్ని ఊరికి తెచ్చుకొని, తరువాత ఏ ఆధారమూ లేక ఊరుకున్న కుటుంబాలు మా మండలంలోనే ఉన్నాయి.

మంత్రి గారూ, కేస్ షీట్ సంగతి, అంటే ఆసుపత్రిలో రోగి పరిస్థితినీ వైద్యాన్నీ రాసే కాగితాల సంగతి మీరు ప్రత్యేకంగా వినాలి. రోగి గానీ బంధువులు గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. మాకు మాత్రం వినియోగదారుల కమిషన్ ఆదేశించిన తరువాతే జిరాక్సు ప్రతి వచ్చింది. అందులో ఆ రాత్రి బీపీ గంటగంటకూ 110/70 అని ఒకే చేతిరాతతో, ఒకే ఒత్తుడుతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాసి ఉంది. కానీ ఆ రాత్రి పదకొండు గంటలకు మంచం దగ్గర వేలాడుతున్న అట్టను మా బావ ఫోనులో ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపాడు. తెలిసిన వాళ్లెవరినైనా అడగమని పంపిన ఫోటో అది. అందులో బీపీ బాగా పడిపోయి 80/50 అని ఉంది, పక్కనే నర్సమ్మ సంతకం కూడా ఉంది. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడమని మేము చెప్పని అధికారి లేడు.

నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారని భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు నమోదైంది. అయితే జేకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పినట్టుగా, వైద్యుడి మీద క్రిమినల్ కేసులో ముందుకు వెళ్లాలంటే స్వతంత్ర వైద్య నిపుణుల అభిప్రాయం రావాలని పోలీసులు అక్కడే ఆగిపోయారు. తీర్పును మేము గౌరవిస్తాము. వైద్యం చేసే చేతులు భయంతో వణకకూడదని మేమూ ఒప్పుకుంటాము. కానీ ఆ అభిప్రాయం చెప్పవలసిన కమిటీని ఇదే జిల్లా వైద్యులతో వేశారు. అందులో కొందరు సాయంత్రాలు ప్రైవేటు ప్రాక్టీసు చేసుకునేవారే. ఒకే ఊరిలో రోజూ ఎదురుపడే మనుషులు ఒకరి మీద ఒకరు ఏమి రాస్తారు? "ఇటువంటి ఆపరేషన్లలో ఇటువంటి సమస్యలు సహజం" అని రాశారని ఎస్సై గారు నోటిమాటగా చెప్పారు. నివేదిక ప్రతి అడిగితే ఇవ్వలేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే దర్యాప్తులో ఉన్నందున ఇవ్వలేమన్నారు. మా బావను, మా అక్క పోస్టుమార్టం కాగితాన్ని, ఆ ఫోటోను కమిటీ చూసిందో లేదో కూడా మాకు తెలియదు.

ఇక వినియోగదారుల కమిషన్‌లో అవతలి వకీలు వాయిదా వాయిదాకూ అదే కమిటీ అభిప్రాయాన్ని చూపిస్తున్నాడు. ప్రతి కేసుకూ నిపుణుల అభిప్రాయం తప్పనిసరి కాదని, హైదరాబాదులో ఒక భర్త తన భార్య మరణంపై వేసిన కేసులోనే, మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేశారన్న ఆ కేసులోనే, 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎదుటిపక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో ఫిర్యాదు తేల్చాలని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. మూడు నెలలు ఏనాడో గడిచిపోయాయి. మధ్యలో పెద్దమనుషులు వచ్చి, ఎంతో కొంత తీసుకొని రాజీపడండి, పిల్లల పేర బ్యాంకులో వేసుకోండి అని మా ఇంట్లో కూర్చొని మాట్లాడి పోయారు. అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించిన మనిషి ముందు ఆ మాట ఎత్తడానికి వారికి మనసెలా వచ్చిందో నాకు అర్థం కాదు. వైద్య మండలి నిర్ణయం మాకు వ్యతిరేకంగా వస్తే పై అప్పీలుకు కూడా దారి లేదు. జాతీయ వైద్య కమిషన్ చట్టం 30వ సెక్షన్ ఆ హక్కును వైద్యుడికే ఇచ్చింది, చనిపోయిన మనిషి కుటుంబానికి ఇవ్వలేదు. ఇది ఢిల్లీ చేతిలో ఉన్న విషయమే అయినా, మార్చమని ఒక రాష్ట్ర మంత్రిగా మీరు రాయగలరు కదా.

అయ్యా, మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను. మా అక్క కేసును మరో జిల్లా వైద్యులతో, ప్రైవేటు ప్రాక్టీసు లేనివారితో, మళ్లీ చూపించండి. వారు మా బావ మాట వినాలి, ఆ ఫోటోను చూడాలి, కారణాలు రాయాలి. ఇకముందు ఏ ఆసుపత్రిలో ఇటువంటి మరణం జరిగినా అదే రోజు కేస్ షీట్ అసలు ప్రతిని స్వాధీనం చేసుకొని సీలు వేసేటట్టు జిల్లా వైద్యాధికారులకు ఉత్తర్వు ఇవ్వండి. తెల్లారితే కాగితాలు మారిపోతాయి, సార్. మాకు మారిపోయాయి. కనీసం ఇప్పటికే రాసిన ఆ నివేదిక ప్రతినైనా వచ్చే వాయిదాలోపు మా బావ చేతికి ఇప్పించండి. తన భార్య ఎందుకు చనిపోయిందని ప్రభుత్వ వైద్యులు రాశారో చదువుకునే హక్కు ఆయనకు ఉంది.

ఇట్లు,
మృతురాలి తమ్ముడు,
దేవరకొండ డివిజన్, నల్లగొండ జిల్లా.