అక్టోబరు రాకముందే

తెనాలి,
సెప్టెంబరు 14

చిరంజీవి లాస్యకు,

నాన్న ఆశీస్సులు. నిన్న ఫోన్లో మాట్లాడినంతసేపూ తుమ్ముతూనే ఉన్నావు. జలుబే అన్నావు గానీ, జలుబైతే వారం పది రోజుల్లో పోవాలి. కళ్ల దురద, అంగిట్లో దురద, నీళ్లలా కారే ముక్కు, నిరుడు కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే మొదలవడం చూస్తే ఇది హే ఫీవరే తల్లీ, అంటే పుప్పొడి పడక వచ్చే అలర్జీ. ఇక్కడ లేనిది అక్కడెందుకొచ్చిందని మీ అమ్మ అడుగుతోంది. మెల్‌బోర్న్ చుట్టూ పచ్చిక బయళ్లలో రైగ్రాస్ అనే గడ్డి విపరీతంగా ఉంటుంది. ఉత్తరపు గాలి దాని పుప్పొడిని ఊరి మీదికి తెస్తుంది. కొత్త పుప్పొడి ఒకటి రెండు సీజన్లు పీల్చాక ఒళ్లు దాన్ని శత్రువుగా చూడడం మొదలెడుతుంది. మన చేలగట్ల మీద వయ్యారిభామ చేసే పని అక్కడ ఆ గడ్డి చేస్తోంది.

నువ్వు ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లిన జలుబు బిళ్లలు పక్కన పెట్టెయ్. వాటిలో ఉండే క్లోర్‌ఫెనిరమైన్‌తో నిద్ర ముంచుకొస్తుంది. పరీక్షల ముందు అది పనికిరాదు, కారు నడపాలంటే అసలే వద్దు. అంతగా నిద్ర రానివ్వని అలర్జీ బిళ్లలు, లోరాటడిన్ గానీ ఫెక్సోఫెనడిన్ గానీ తీసుకో. ఫెక్సోఫెనడిన్ మంచినీళ్లతోనే వేసుకోవాలి. పండ్ల రసంతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు.

ముక్కు దిబ్బడకు బిళ్ల కంటే స్టెరాయిడ్ స్ప్రే మేలు. మందుల షాపులో స్టెరాయిడ్ అనగానే జనం వెనక్కి తగ్గుతారు. ముక్కులో కొట్టే ఆ కాస్త మందుకు అంత భయం అక్కర్లేదు. తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, మధ్య గోడకు తగలకుండా బయటి వైపుకు కొట్టుకో. గట్టిగా ఎగపీల్చకు, మందు గొంతులోకి జారిపోతుంది. రెండు రోజులకే తగ్గలేదని మానేయకు, పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాలైనా పట్టొచ్చు. అందుకే ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను. వెంటనే ముక్కు తెరిపించే ఆక్సీమెటాజొలిన్ లాంటివి మాత్రం మూడు రోజులకు మించి వాడొద్దు, ఆ తర్వాత అవే ముక్కును మూసేస్తాయి.

ఇక అసలు సంగతి. 2016 నవంబరు 21 సాయంత్రం మీ ఊళ్లో ఉరుముల గాలివాన వచ్చింది. తేమకు పుప్పొడి రేణువులు పగిలి, ముక్కులో ఆగనంత సన్నటి పొడి అయి, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయింది. వేల మంది ఆస్పత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. ఊపిరాడక వచ్చినవాళ్లలో చాలామందికి అంతకుముందు ఉబ్బసం లేదు, హే ఫీవర్ మాత్రం ఉంది. వాళ్లలో మన దేశం నుంచి, ఆసియా నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువగా ఉన్నారు. ఇది చదివినప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీ రాష్ట్ర ప్రభుత్వం నడిపే విక్‌ఎమర్జెన్సీ యాప్‌లో ఇలాంటి గాలివాన ముప్పు హెచ్చరికలు ఇస్తారు. రోజూ చూసుకో. ఆ ముప్పు ఉందంటే, వాన మొదలయ్యే ముందు వీచే ఈదురుగాలికే తలుపులు, కిటికీలు వేసుకుని లోపల ఉండు. షిఫ్టు పోతే పోనీ. సీజనులో బట్టలు బయట ఆరేయకు, ఇంటికి రాగానే తలస్నానం చెయ్.

రాత్రిళ్లు దగ్గు, ఛాతీ బిగపట్టడం, పిల్లికూతలు ఏమైనా ఉన్నాయా? నా దగ్గర దాచకు. ఒక్కసారి ఉన్నా డాక్టరుకు చెప్పు, నీ స్టూడెంట్ ఇన్సూరెన్స్ ఉన్నది అందుకే. సాల్‌బ్యుటమాల్ ఇన్హేలర్, అదే ఆయాసానికి వెంటనే పీల్చే మందు, అక్కడ ఫార్మసిస్టును అడిగితే చీటీ లేకుండానే ఇస్తారు. స్పేసర్‌తో సహా కొని బ్యాగులో ఉంచుకో; స్పేసర్ అంటే ఇన్హేలర్‌కు తగిలించే గొట్టం. ఆయాసం వస్తే పడుకోకుండా నిటారుగా కూర్చో. ఒక్కొక్క పఫ్ చొప్పున నాలుగు తీసుకుని, నాలుగు నిమిషాలు చూడు. తగ్గకపోతే ఇంకో నాలుగు తీసుకో. అప్పటికీ తగ్గకపోతే, లేదా మాట కూడా రానంత ఆయాసమైతే మొదట్లోనే, అక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చెయ్. మాకు తర్వాత చెప్పొచ్చు.

నీతో ఉండే పిల్లలకు ఇన్హేలర్ ఎక్కడుందో, ఎలా వాడాలో చూపించు. డాక్టరు అపాయింట్‌మెంట్ ఏ రోజుకు దొరికిందో మెసేజ్ పెట్టు.

నాన్న